మూడో కాల్‌కి చిన్నాయిన రాలేదు

ఆఫీసులో నా పనేంటని ఎవరన్నా అడిగితే ఒక్క ముక్కలో చెప్తాను: వెళ్లిపోయేవాళ్లను ముందే పసిగట్టడం. మా భాషలో 'చర్న్ ప్రెడిక్షన్'. డబ్బు కట్టి యాప్ వాడుతున్న మనిషి వచ్చే నెల ఉంటాడా, మానేస్తాడా? ఎన్నిసార్లు తెరిచాడు, ఎంతసేపు ఉన్నాడు, ఏ రోజు నుంచి తగ్గించాడు... ఇవన్నీ మోడల్‌కి ఇస్తే ఒక్కొక్కరికీ ఒక స్కోరు వస్తుంది. జారిపోయేలా ఉన్నవాళ్లకి డిస్కౌంట్ కూపన్ పంపిస్తాం. ఇంజినీరింగ్ నాలుగేళ్లు చదివింది ఇందుకేనా అని మా బాపు అడుగుతాడు, అది వేరే కథ.

అలాంటి నేను, మా ఇంట్లోనే ఒక మనిషి జారిపోతుంటే చూడలేదు.

మా చిన్నాయినది వెల్గటూర్. దుబాయ్‌లో పన్నెండేళ్లు కూలి పని చేసి వచ్చాడు. వచ్చాక తాగుడు ఎక్కువైంది. పోయిన ఎండాకాలం ఆయనే "ఇగ బంద్ జేస్తరా" అన్నాడు. కానీ జగిత్యాలకో కరీంనగర్‌కో పోయి డాక్టర్ ముందు కూర్చోమంటే వద్దన్నాడు. బస్టాండ్‌ల ఎవలన్న జూస్తే? సరే అని నేనే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ వెతికి పెట్టాను. వారానికో వీడియో కాల్, మొత్తం ఎనిమిది. మొదటిది బాగానే జరిగింది. రెండోది పది నిమిషాల్లో అయిపోయింది. మూడోదానికి రాలేదు. నాలుగోదానికీ రాలేదు.

మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత అలవాటు ప్రకారం చదవడం మొదలుపెట్టాను. ఆన్‌లైన్ చికిత్సల్లో మధ్యలో మానేయడం ఎంత మామూలంటే, 2005లోనే గుంటర్ ఐసెన్‌బాఖ్ అనే పరిశోధకుడు దానికి 'లా ఆఫ్ అట్రిషన్' అని పేరు పెట్టాడు. 2011లో నెదర్లాండ్స్ వాళ్లు, తాగుడు మాన్పించే ఒక ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌లోంచి మధ్యలో వెళ్లిపోయినవాళ్లను కారణం అడిగారు. కొందరు ఇంటి ఇబ్బందులన్నారు, కొందరు ఆ పద్ధతి మాకు పడలేదన్నారు. కొందరు మాత్రం 'మాకు కావలసినంత తగ్గింది, చాలు' అన్నారు. ఇది చదివి ఆగిపోయాను. మా డేటాబేస్‌లో వీళ్లందరికీ ఒకటే గుర్తు పడుతుంది: డ్రాపవుట్ = 1. బాగుపడి వెళ్లినవాడూ, ఓడిపోయి వెళ్లినవాడూ ఒకే గడిలో.

మరి మా చిన్నాయిన ఏ రకం? దసరాకి ఊరెళ్లినప్పుడు అడిగాను.

"ఫోన్ పిల్లదాయె. అది పక్కపొంటి కూసుండి లింక్ కలుపుతది. రోజుకు ఎంత తాగుతున్నవని గా మేడం అడుగుతది. బిడ్డ ముంగట ఏం జెప్పాలెరా?"

ఇంట్లో ఉన్నది ఒక్క స్మార్ట్‌ఫోన్, ఇంటర్ చదివే మా చెల్లెది. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ ఆలోచించలేదు.

ఇంకో తప్పు కూడా నాదే. మొదట్లో ఒక ఫారం నింపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన 'ఆడిట్' అనే పది ప్రశ్నల పరీక్ష. అందులో 'తాగిన రోజు ఎన్ని డ్రింక్స్?' అని ఉంటుంది. చిన్నాయిన "ఒకటే" అన్నాడు, నేను '1 లేదా 2' నొక్కేశాను. ఆయన ఒకటి అన్నది క్వార్టర్. 180 మిల్లీలీటర్లు, సీసా మీద 42.8 శాతం. లెక్కేస్తే దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్. పది గ్రాములు ఒక డ్రింక్ అనుకుంటే ఆరు! పెద్ద తాగుబోతును చిన్న తాగుబోతుగా నేనే రాసిచ్చాను. ఇక కల్లు తాగేవాళ్ల సంగతైతే ఈ ఫారాలకు అస్సలు అందదు. మన దగ్గర కల్లులో అల్ప్రాజోలం కలుపుతారు, దాన్ని ఏ డ్రింక్‌లో లెక్కపెడతాం? 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క వణుకుతూ ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం ఎలా వచ్చారో గుర్తుంది కదా. రోజూ గట్టిగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు, కాబట్టి డాక్టర్‌ని అడగకుండా ఇంట్లో ఎవరినీ 'రేపట్నుంచి బంద్' అని బలవంతం చేయకండి.

అన్నిటికన్నా సిగ్గుపడేది చివరికి మిగిల్చాను. రిజిస్ట్రేషన్‌లో నా నంబరే ఇచ్చాను. 'మీ సెషన్ మిస్సయింది' అనే మెసేజ్‌లన్నీ హైదరాబాద్‌లో నా ఫోన్‌కే వచ్చాయి. రిలీజ్ వారం. ఒక్కొక్కటే పక్కకి తోసేశాను.

ఇప్పుడు నన్ను మోడల్ కట్టమంటే ఏం చూస్తాను? 'చివరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యాడు' అన్నది చూడను. దానితో ఆక్యురసీ బ్రహ్మాండంగా వస్తుంది గానీ, అప్పటికే మనిషి వెళ్లిపోయి ఉంటాడు. మొదటి వారంలో దొరికేవి చూస్తాను. ఫోన్ ఎవరిది? ఫారం ఎవరు నింపారు? కెమెరా ఆపేశాడా? రెండో కాల్ ఎందుకు చిన్నదైంది?

స్కోరు వచ్చాక ఏం చేస్తామన్నది నాకు ఇంకా ముఖ్యం. ఎలాగూ మానేస్తాడు కదా అని వాడి స్లాట్ ఇంకొకరికి ఇస్తే, ముందు పోయేది ఇంటికి ఒకే ఫోన్ ఉన్నవాళ్లే. ఎయిమ్స్ వాళ్ల 2019 సర్వే ప్రకారం, దేశంలో మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. అక్కడిదాకా వచ్చినవాడిని మళ్లీ మనమే వడపోస్తామా? మోడల్ తప్పుగా అనుమానిస్తే పోయేది ఒక ఫోన్ కాల్. అనుమానించాల్సినవాడిని వదిలేస్తే పోయేది మనిషి. ఈ రెండు తప్పుల ఖరీదూ ఒకటే అనుకొని గీత గీయకూడదు. ఆఫీసులో ఈ మాట కూపన్ల గురించి వందసార్లు చెప్పుంటాను.

ఇప్పుడు చిన్నాయిన వీడియో కాల్స్ మానేసి, తన పాత బటన్ ఫోన్ నుంచే టెలీ మానస్ 14416కి చేస్తున్నాడు. తెలుగులో మాట్లాడతారు, లింక్ అక్కర్లేదు. సాయంత్రం బండేసుకుని కోటిలింగాల దాకా పోతాడట. శాతవాహనుల నాణేలు దొరికిన ఊరది, ఆయనకు మాత్రం గోదారి ఒడ్డున ఎవరూ వినని చోటు దొరికింది. "రెండుమాట్ల మాట్లాడిన. మళ్ల జెయ్యమన్నరు" అన్నాడు పోయిన ఆదివారం.

మళ్లీ చేస్తాడో లేదో. మంగళవారం నేను ఫోన్ చేస్తాను. తాగుడు మాట ఎత్తను, బర్రె ఈనిందా అని అడుగుతాను.