అడవి ఆరోగ్యము పురుగులలో తెలియును

రైతు సోదరులారా! పురుగనగానే మనకు మందుడబ్బా గుర్తుకు వచ్చును. పంట పోగొట్టుకొన్నవారికి అది సహజమే. కాని అడవి విషయములో ఆ చూపు మార్చుకొనవలెనని నా మనవి.

అడవి బాగున్నదా అని ఎవరైన అడిగినచో మనము చెట్లను చూపుదుము. పచ్చగా ఉన్నచో బాగున్నదనుకొందుము. ఈ లెక్క చాలదు. సీతాకోకచిలుకల గొంగళి పురుగులలో పెక్కు రకములు ఏవో కొన్ని జాతుల ఆకులను మాత్రమే తినును. పేడపురుగులకు మేయు జంతువులుండవలెను. కొయ్యను తొలుచు పెంకుపురుగులకు ఎండి పడిన మ్రాకులు కావలెను. తూనీగ పిల్లదశ నీటిలో గడచును గాన వాగు చెడరాదు. వీనిలో ఏ ఆధారము తప్పినను, దానిని నమ్ముకొన్న పురుగు ముందుగా తగ్గును. చెట్టు మాత్రము ఇంకను పచ్చగానే నిలిచియుండును.

ఇచట చూడవలసినది పురుగుల సంఖ్య కాదు, రకములు. టేకు తోటలలో కొన్ని యేండ్లు తొలివానల వెనుక ఆకుతినే పురుగు లెక్కకు మిక్కిలిగా పుట్టి చెట్లను మోడు చేయును. ఒకే జాతి అట్లు పెచ్చుపెరుగుట ఆరోగ్యము కాదు.

జర్మనీ దేశమున 63 రక్షిత ప్రదేశములలో వలలు పన్ని పట్టిన ఎగిరే పురుగులను తూచి చూడగా, 27 ఏండ్లలో ఆ తూకము 75 శాతమునకు పైగా తగ్గినదని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ ప్రదేశములలో పెక్కింటి చుట్టును ఉన్నవి పంటపొలములే. కంచె వేసినంత మాత్రమున పురుగు బ్రతుకదని దీనివలన తెలియుచున్నది.

ఇది మనకేల యందురా? నల్లమల వంటి అడవులలో కొండచరియలకు, పెద్ద చెట్లకు పట్టు పెట్టు కొండ తేనెటీగలు పొలములకును వచ్చును. ప్రొద్దుతిరుగుడు గింజ కట్టుటకు, గుమ్మడి, దోస కాయుటకు తేనెటీగలు తోడ్పడును. పూతపై ఉదయమున మనము చల్లు మందు వానిని చంపును. మందు తప్పనిసరియైనచో సాయంకాలము, ఈగలు మరలిన పిదప చల్లుడు.

గ్రామాధికారులకు, వన సంరక్షణ సమితులవారికి ఒక సూచన. చెట్ల లెక్కతోపాటు పురుగుల లెక్కకును ఒక పుస్తకము పెట్టుడు. ఏటేటా తొలకరి తరువాత, వెన్నెల లేని ఒక రాత్రి, అడవి అంచున అదే చోట తెల్లగుడ్డ కట్టి దాని ముందు దీపముంచి, ఒక గంటలో ఎన్ని రకములు వ్రాలునో వ్రాయుడు. పేర్లు తెలియనక్కరలేదు, ఆకారము, రంగు చాలును. పగలు పేడకడులను, వాగుగట్టును చూడుడు. తేనె తీయు చెంచులను పట్టులు పెరిగినవో తగ్గినవో అడుగుడు. ఒక్క యేడు తగ్గినచో వానలోపము కావచ్చును. అయిదారేండ్లు వరుసగా తగ్గుచున్నచో, అడవి ఎంత పచ్చగానున్నను, అటవీశాఖవారికి ఆ పుస్తకము చూపి కారణము వెదకింపవలెను.

ఖర్చు ఒక గుడ్డ, ఒక దీపము. రాబోవు తొలకరికే ఆరంభింపుడు.