శాకాహార మధుమేహికి సలహా: విస్తరణలో మరుగునపడిన పప్పుధాన్యాలు

అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా 2023ను పాటించిన నాటి నుండి గ్రామసభలలో, కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణలలో మధుమేహ రోగులకు లభిస్తున్న ఆహార సలహా దాదాపు ఒకే వాక్యానికి కుదించుకుపోయింది: అన్నం మానండి, చిరుధాన్యాలు తినండి. ఈ సలహాలో సగం నిజముంది. మాంసం, గ్రుడ్డు ముట్టని ఇంటికి మాత్రం ఆ సగం చాలదు.

వంద గ్రాముల ముడి బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. రాగులు, జొన్నలలో అది 67 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. తేడా పది గ్రాములకు కొంచెం పైన. చిరుధాన్యాల అసలు మేలు పీచులో ఉంది. ఆ పీచు చాలావరకు తవుడు పొరతో ముడిపడి ఉంటుంది. కొర్రలను, సామలను తెల్లగా మెరిసేదాకా మరపట్టించి అమ్మితే కొన్నవారికి మిగిలేది పేరు మాత్రమే. మెత్తని పిండిని నీళ్ళలో మరిగించి త్రాగే రాగి జావ, నమిలి తినే జొన్నరొట్టె కంటే త్వరగా జీర్ణమవుతుంది. సంగటి సంగతి మరీ విచిత్రం. అందులో బియ్యపు నూక ఎంత పడుతున్నదో అడగకుండానే దానిని పథ్యంగా సూచించే సలహాదారులు ఉన్నారు.

వరి రకాల విషయంలోనూ ఇటువంటి పొరపాటే జరుగుతున్నది. రాజేంద్రనగర్ నుండి 2015లో విడుదలైన తెలంగాణ సోనా (ఆర్.ఎన్.ఆర్. 15048), ఎండాకు తెగులును తట్టుకునేలా రూపొందించిన మేలైన సాంబ మసూరి, రెండింటి గ్లైసీమిక్ సూచికా 51 ప్రాంతంలో నమోదైంది. 55 లోపు ఉంటే తక్కువ సూచికగా పరిగణిస్తారు కనుక ఇవి మెచ్చదగిన రకాలే. అయితే ఆ సూచికను కొలిచేది 50 గ్రాముల పిండిపదార్థం తినిపించి. పొలం పనివాడు పూటకు 150 గ్రాముల బియ్యం వండుకుంటే లోపలికి పోయే పిండిపదార్థం 117 గ్రాములు. 51 సూచికతో లెక్కించినా గ్లైసీమిక్ భారం 60కి చేరుతుంది. పూటకు 20 దాటితేనే ఎక్కువ అంటారు. సూచిక 70 ఉన్న బియ్యాన్నే 75 గ్రాములు వండుకుంటే భారం 41. రకం మారినందువల్ల కలిగే మేలు కంటే పరిమాణం తగ్గినందువల్ల కలిగే మేలు పెద్దదని ఈ చిన్న లెక్కే చెబుతున్నది. ‘షుగరు బియ్యం’ అన్న ప్రచారం విని, ఇక ఎంత తిన్నా ఫరవాలేదని భావించే రోగికి ఆ రకం మేలు కంటే కీడే చేయవచ్చు.

అన్నం తగ్గించిన చోట ఏమి ఉంచాలన్నది అసలు ప్రశ్న. మాంసాహారికి గ్రుడ్డో చేపో ఆ ఖాళీని పిండిపదార్థం లేకుండానే పూరిస్తుంది. శాకాహారికి ఆ వెసులుబాటు లేదు. మాంసకృత్తుల కోసం అతడు ఆధారపడే కందిపప్పులో వాటితోపాటు సగానికి పైగా పిండిపదార్థమే ఉంటుంది. కాని అది నెమ్మదిగా జీర్ణమవుతుంది, వంద గ్రాములకు 21 గ్రాములకు పైగా మాంసకృత్తులను కూడా తెస్తుంది. ఈ మార్పిడి జరగకుండా కేవలం అన్నం కోసివేస్తే పదకొండు గంటలకల్లా ఆకలి, ఆ ఆకలికి టీ, బిస్కెట్లు. కాలక్రమంలో కండ కరుగుతుంది; రక్తంలోని గ్లూకోజును అధికంగా వినియోగించుకునే కణజాలం ఆ కండరమే.

జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు 2000 కిలోకాలరీల ఆహారంలో రోజుకు 250 గ్రాముల ధాన్యాలకు 85 గ్రాముల పప్పులు లేదా మాంసాహారం సూచించాయి. శాకాహారికి ఆ 85 గ్రాములూ పప్పే కావాలి. వంద గ్రాముల కందిపప్పుతో నలుగురికి పప్పుచారు కాస్తే ఒక్కొక్కరికి దక్కేది పాతిక గ్రాములు, అందులో మాంసకృత్తులు అయిదు గ్రాములు. ‘రోజూ పప్పు తింటూనే ఉన్నాం’ అనే గృహిణి మాట అబద్ధం కాదు, ఆ పప్పు పలుచన. ముద్దపప్పు, పొట్టు పెసలతో పోసిన పెసరట్టు, అలసంద గుగ్గిళ్ళు, ఉలవలు తెలుగు వంటింటికి కొత్తవి కావు. (పెసరట్టులో ఉప్మా పెట్టడం మాత్రం చేసిన మేలును చెరుపుకోవడమే.) ముప్పై గ్రాముల ఎండు మీల్‌మేకర్ దాదాపు పదిహేను గ్రాముల మాంసకృత్తులనిస్తుంది, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది.

సలహా ఇచ్చేవారు కొన్ని అడగకుండా ముందుకు పోరాదు. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో వాడుతున్న వ్యక్తి ఒక్కసారిగా అన్నం సగానికి తగ్గించినా, కార్తీక మాసంలో ఉపవాసం ఉన్నా చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వైద్యునికి ముందుగా చెప్పి మోతాదు సవరించుకోవాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి పప్పు పెంచమనే సలహా వర్తించదు. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడినవారిలో విటమిన్ బి12 తగ్గే అవకాశముంది, శాకాహారికి ఆ విటమిన్ సహజంగా అందేది పాలు, పెరుగుల నుండే. అరికాళ్ళ తిమ్మిరిని మధుమేహానికే ఆపాదించి ఊరుకొంటే ఈ లోపం కనబడకుండానే పోతుంది.

ఇక్కడ వ్యవసాయ విస్తరణకు వైద్యశాఖకు లేని అవకాశం ఒకటుంది. ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యం ఉచితంగా ఇంటికి వస్తున్నది, మన ప్రాంతంలో అది ప్రధానంగా బియ్యమే. పప్పును ఎక్కువమంది కొనుక్కోవలసిందే. కృష్ణా డెల్టాలో వరి మాగాణి మినుము పండించే రైతే పంటంతా వ్యాపారికి తూచి, ఇంటికి పప్పు దుకాణంలో తెచ్చుకోవడం అరుదు కాదు. పొలం గట్ల మీద కంది వేయమని శాస్త్రవేత్తలు ఎప్పటినుండో చెబుతున్నారు. ఆ సిఫారసును ఆదాయం పద్దులో చెప్పినంతగా ఇంటి పళ్ళెం పద్దులో చెప్పలేదు. మధుమేహం ఉన్న రైతు కుటుంబానికి గట్టుకంది ఏడాది పొడవునా ఎన్ని పూటల పప్పు అవుతుందో గృహవిజ్ఞాన శాస్త్రవేత్త, పంట శాస్త్రవేత్త ఒకే వేదికపై లెక్కగట్టి చూపవచ్చు.

ప్రదర్శన క్షేత్రాల పద్ధతి ఇక్కడా పనికివస్తుంది. వైద్యుని అనుమతితో రోగి ఒకనాడు తన అలవాటు భోజనం, మరొకనాడు అన్నం సగం చేసి ముద్దపప్పు, కూర పెంచిన భోజనం తిని, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసుకోవాలి. ఒక్క రోజు తేడాను నమ్మరాదు కనుక రెండు భోజనాలనూ మూడేసి రోజులు పరీక్షించి, అంకెలను కాగితంపై వ్రాసి తరువాతి పరీక్షకు వెళ్ళినప్పుడు వైద్యునికి చూపాలి.