గోడను నిలబడ్డ చోటే కొలవాలి

హైవే పక్క ఇళ్లకు రొద తగలకుండా కట్టే ధ్వని నిరోధక గోడల సత్తా ల్యాబ్‌లో తేలదు, రోడ్డు మీదే తేలాలి. యూరప్ ఇంజినీర్లు 1990ల నుంచి ఈ మాట మీదే పనిచేస్తున్నారు. ఫ్లైఓవర్లు అపార్టుమెంట్ల కిటికీలను రాసుకుంటూ పోతున్న మన నగరాలకు ఆ పని అక్కరకొస్తుంది.

పాత పద్ధతి ప్రతిధ్వని గదిది. అందులో ప్యానెల్ పెట్టి శబ్దం చేస్తే, అది గోడలకు కొట్టుకుని అన్ని వైపుల నుంచీ ప్యానెల్ మీద పడుతుంది. వచ్చే అంకె ఆ కోణాలన్నీ కలిసిపోయిన సగటు. రోడ్డు మీద అలా ఉండదు. లారీ దూరంలో ఉన్నప్పుడు చప్పుడు ఏటవాలుగా, ఎదురుకొచ్చినప్పుడు సూటిగా తగులుతుంది. కోణం మారితే గోడ పీల్చుకునే పాలూ మారుతుంది. పైగా అంచుల ప్రభావం వల్ల ఆ గదిలో శోషణ గుణకం ఒక్కోసారి 1 దాటుతుంది. పడిన శబ్దం కన్నా పీల్చుకున్నదే ఎక్కువన్న ఆ లెక్కను పట్టుకుని కాలనీవాసులకు ఏం భరోసా ఇస్తాం?

అడ్రియెన్ అనే పరిశోధన దారి మార్చింది. గోడ ముందు లౌడ్‌స్పీకర్, గోడకు 25 సెంటీమీటర్ల దూరంలో మైకు. 2003 నాటి పద్ధతిలో ఈ జతను 50 నుంచి 130 డిగ్రీల దాకా పదేసి డిగ్రీల చొప్పున తిప్పి కొలిచేవారు. తర్వాత తొమ్మిది మైకుల చట్రం వచ్చింది. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది తీసివేత. అదే పరికరాన్ని గోడకు దూరంగా ఖాళీ గాలిలో ఉంచి మళ్లీ కొలుస్తారు. ఆ కొలతను ముందుదాంట్లోంచి తీసేస్తే మిగిలేది గోడ తిప్పికొట్టిన శబ్దం. నేల నుంచి, గోడ పై అంచు నుంచి వచ్చేవి కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం కాబట్టి వాటిని కత్తిరించేస్తారు. గోడ పొట్టిదైతే ఆ వ్యవధి చాలదు, మంద్ర ధ్వనులు కొలతకు అందవు.

గోడ దాటొచ్చే శబ్దాన్ని ప్యానెల్ మధ్యలో ఒకసారి, స్తంభం దగ్గర మరోసారి కొలుస్తారు. సందులుండేది అతుకుల దగ్గరే. ల్యాబ్‌కొచ్చే నమూనాలో ఆ అతుకు చక్కగా మూసి ఉంటుంది, సైటులో హడావిడిగా బిగించినది అలా ఉంటుందన్న నమ్మకం లేదు.

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. గోడ కట్టినంత మాత్రాన ఆ హద్దు అమలైనట్టు కాదు. టెండరులో ల్యాబ్ సర్టిఫికెట్ ఒక్కటే అడిగితే సరిపోదు. కట్టాక అక్కడే, అతుకుల దగ్గర సహా కొలిచి చూపాలని షరతు రాయాలి. చివరి బిల్లు ఆ కొలత తర్వాతే చెల్లించాలి. ఎండకూ వానకూ ప్యానెళ్లు, సీళ్లు పాడవుతాయి కనుక కొన్నేళ్లకు మళ్లీ కొలిచి, ఆ అంకెలు పక్కనున్న ఇళ్లవాళ్లకు అందుబాటులో పెట్టాలి.