భారము మోయని వాసములు

సైనిక్‌పురి మేడల ముంగిట భారము మోయని సిమెంటు స్తంభములను చూచి నవ్వువారు, ఏలూరు జిల్లా గుంటుపల్లి చైత్యగృహమును చూచి అదే నవ్వు నవ్వరాదు. 2,000 ఏండ్లకు పైబడిన ఆ వలయాకార గుహలో కప్పునకు రాతి వాసములు చెక్కియున్నవి. అవియు దేనిని మోయవు, పైనున్నది కొండయే.

అరేబియాలోని హెగ్రాలో నబతీయులు క్రీ.శ. 1వ శతాబ్దమున కొండ ముఖమును పైనుండి క్రిందికి చెక్కిన సమాధులయందును స్తంభములు అలంకారమే. అడుగున పని ముగియని ఖస్ర్ అల్ ఫరీద్ ఆ క్రమమును నేటికిని చూపుచున్నది. అయితే అచ్చటి గుమ్మములపై త్రికోణము గ్రీకులది, శిఖరమున మెట్లు అస్సీరియావి. సొగసంతయు వాకిలికే, లోని గదులు బోసి.

గుంటుపల్లి వాసములు ఎరువుసొమ్ము కావు. అవి ఈ దేశమున వానకు తడిసిన పూరిపాకవి. ఆనాటి పాక ఒక్కటియు మిగులలేదు. స్తూపమునకు ప్రదక్షిణము చేయువాని తలపై మాత్రము దాని కప్పు నిలిచియున్నది.