గాలి ఆగిందని తలుపు తీయవద్దు



అక్టోబరు నుండి డిసెంబరు దాకా మన మద్రాసుకు తుఫాను కాలం. ఏటా మన గ్రూపులో హెచ్చరికలు వస్తాయి, అందరమూ ఫార్వర్డు చేస్తాము. అంతటితో మన పని అయిపోయిందా?

2016 డిసెంబరు 12న వర్దా తుఫాను మన ఊరి పక్కనే తీరం దాటింది. ముందు ఉత్తరపు గాలి ఊపేసింది. తర్వాత గాలి ఒక్కసారిగా ఆగింది. అది తుఫాను కన్ను. అయిపోయిందనుకుని వీధిలోకి వచ్చినవాళ్ళు ఎందరో. కన్ను దాటగానే గాలి దక్షిణం నుండి తిరిగి కొట్టింది. మొదటి గాలికి వేళ్ళు కదిలిన చెట్టు రెండో గాలికి పడుతుంది. కాబట్టి తుఫాను తీరం పూర్తిగా దాటిందని వాతావరణ కేంద్రం చెప్పేదాకా గడప దాటకూడదు.

ఇంట్లో కిటికీలకు దూరంగా, లోపలి గదిలో ఉండాలి. రేకుల ఇంట్లో, పెంకుటింట్లో ఉండేవాళ్ళు గాలి మొదలు కాకముందే గట్టి మిద్దె ఇంటికి వెళ్ళాలి, మధ్యలో కాదు. మిద్దె మీది పూలకుండీలు ముందే దించాలి. నీళ్ళు పట్టుకోవాలి, ఫోను చార్జి చేసుకోవాలి. ఇంట్లోకి నీళ్ళు వచ్చేలా ఉంటే ముందే మెయిన్ స్విచ్ ఆపాలి. కార్పొరేషన్ నంబరు 1913, జిల్లా విపత్తు నంబరు 1077 గోడ మీద రాసి పెట్టాలి.

ఈ సంగతులు గ్రూపులో తెలుగు అక్షరాల్లోనే పెట్టాలని కొందరంటారు. భాష మీద అభిమానం మనకూ ఉంది. కానీ మనలో చాలామందిమి తమిళ మీడియంలో చదివినవాళ్ళమే. తెలుగు మాట్లాడతాము, చదవాలంటే కూడబలుక్కోవాలి. మన అమ్మమ్మలు, నాయనమ్మలు కొందరికి ఏ లిపీ రాదు. వాళ్ళకు చెవిలో పడే మాటే హెచ్చరిక.

టీవీ ఉంది కదా అనవచ్చు. గాలి మొదలైతే ముందు పోయేది కరెంటే. వర్దా తర్వాత చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు రాలేదు, ఫోన్లూ సరిగా పనిచేయలేదు.

అందుకే మన మాట ఇది. హెచ్చరిక వచ్చిన రోజే ఇంటి తెలుగులో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ జాబితా రాసి, వీధికి ఇద్దరు పిల్లకాయలు గాలి రాకముందే తలుపు తట్టి చెప్పి రావాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. వచ్చే కమిటీ మీటింగులోనే తీర్మానం చేద్దాం. పండగలకు పిలుచుకునే సంఘం ఆపదలోనూ పిలవాలి కదా!