పిల్లల మానసిక ఆరోగ్య పరిశోధనలో డిగ్రీ విద్యార్థులకు చోటు కల్పించాలి
ఉప్పల్, నాచారం, మల్కాజిగిరి ప్రాంత సంస్థలకు, కళాశాలలకు, తల్లిదండ్రులకు విజ్ఞప్తి

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల వయసు వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. ఆ పన్నెండింటిలో తెలంగాణ గాని, ఆంధ్రప్రదేశ్ గాని లేవు కాబట్టి, ఈ అంకెను తెలుగు పిల్లలకు అన్వయించే ప్రతిసారీ అది ఇతర రాష్ట్రాల పిల్లల నుంచి వచ్చినదన్న ఎరుక ఉండాలి. స్థానికంగా జాగ్రత్తగా సేకరించిన సమాచారం ఉంటేనే ఏ బడికి ఎటువంటి సహాయం కావాలో చెప్పగలుగుతారు. ఆ సేకరణలో డిగ్రీ విద్యార్థులను భాగస్వాములను చేయాలన్నదే ఈ విజ్ఞప్తి సారాంశం.

పరిశోధన ఇంటర్న్‌షిప్ అంటే, అనుభవజ్ఞులైన పరిశోధకుల పర్యవేక్షణలో నిర్ణీత కాలం పనిచేస్తూ, ప్రశ్నను రూపొందించడం మొదలుకొని ఫలితాన్ని నివేదికగా రాయడం వరకు ఒక అధ్యయనం నడిచే తీరును నేర్చుకునే శిక్షణ. 2020 నాటి జాతీయ విద్యా విధానం డిగ్రీ స్థాయిలోనే ఇంటర్న్‌షిప్‌నూ పరిశోధననూ ప్రోత్సహించింది. అయినా మనస్తత్వశాస్త్రం, సామాజిక సేవ, గణాంకశాస్త్రం చదివే విద్యార్థులకు పిల్లలతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు తలుపులు తెరవనిదే ఆ విధానం కాగితం దాటి రాదు.

ఇటువంటి పనికి ఈ ప్రాంతం అన్ని విధాలా అనువైనది. తార్నాక నుంచి ఉప్పల్ వరకు ఉన్న దారిలో రసాయనశాస్త్రానికి ఐఐసీటీ, ఆహార పోషణకు జాతీయ పోషకాహార సంస్థ, జీవకణ పరిశోధనకు సీసీఎంబీ, భూగర్భ శోధనకు ఎన్‌జీఆర్‌ఐ వెలిశాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాటికి చేరువలోనే ఉంది. ఇన్ని పరిశోధన సంస్థల నడుమ ఉన్న ఊళ్లలో పిల్లల మనసు గురించిన అధ్యయనం కూడా అంతే క్రమశిక్షణతో సాగాలని కోరడం అత్యాశ కాదు. పైగా నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష మాట్లాడుతుంటారు. అటువంటి ఇళ్లలోనే పెరిగి డిగ్రీకి వచ్చిన విద్యార్థికి ఆ పిల్లల మాట తీరు బయటి నిపుణులకంటే ముందే అర్థమవుతుంది.

పిల్లల కోసం సంస్థలు నడపడం, కొలమానాలు రూపొందించడం ఈ నగరానికి కొత్త కాదు. సికింద్రాబాద్‌లో స్వీకార్ సంస్థ 1977 నుంచి వైకల్యాలున్న పిల్లల పునరావాసానికి పాటుపడుతోంది. అదే సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పడి నేడు నీపిడ్ పేరుతో ఉన్న జాతీయ సంస్థ, ఆటిజాన్ని అంచనా వేయడానికి 40 అంశాలతో భారతీయ కొలమానాన్ని తయారుచేసింది. మేధో వైకల్యం, ఆటిజం, మానసిక రుగ్మత వేర్వేరు స్థితులే అయినా, ఇక్కడి పిల్లలకు తగిన కొలమానాన్ని ఇక్కడే రూపొందించుకోవచ్చునని ఆ ప్రయత్నం నిరూపించింది. గోవాలో 1996లో ఏర్పడిన సంగత్ అనే స్వచ్ఛంద సంస్థ, తగిన శిక్షణ, పర్యవేక్షణ ఉంటే వైద్య పట్టా లేనివారు కూడా మానసిక ఆరోగ్య సేవలో నమ్మకంగా పనిచేయగలరని తన అధ్యయనాల ద్వారా చూపింది.

అయితే ఇంటర్న్ చేయగల పనికి హద్దులు ఉండాలి. ప్రశ్నావళిలోని మాటలు పిల్లలకు అర్థమవుతున్నాయో లేదో ముందుగా పరీక్షించడం, సమాధానాలను రెండుసార్లు నమోదు చేసి సరిపోల్చడం, పేర్లు తొలగించి సంకేత సంఖ్యలు ఇవ్వడం వంటివి ఆ విద్యార్థికి అప్పగించదగిన పనులు. రోగనిర్ధారణ గాని, కౌన్సెలింగ్ గాని అతని చేతికి ఇవ్వకూడదు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయడానికి 1992 నాటి చట్టం కింద భారత పునరావాస మండలిలో నమోదు తప్పనిసరి.

నైతిక నియమాల విషయంలో సడలింపు అసలే పనికిరాదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతితో పాటు బిడ్డ అంగీకారం కూడా కావాలి. 7 నుంచి 12 ఏళ్ల వారి నుంచి మౌఖికంగా, ఆపై 18 ఏళ్ల లోపు వారి నుంచి రాతపూర్వకంగా దానిని తీసుకోవాలి. బిడ్డ తనపై లైంగిక వేధింపు జరిగిందని చెబితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి కనుక, గోప్యతకు ఉన్న ఈ మినహాయింపును పిల్లలకూ పెద్దలకూ ముందే వివరించాలి. తక్షణ సహాయానికి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, మానసిక ఆరోగ్య సహాయానికి టెలీ మానస్ 14416 నంబర్లు ప్రతి ఇంటర్న్ దగ్గరా ఉండాలి.

కాబట్టి స్వచ్ఛంద సంస్థలు ఏటా కొద్దిమంది స్థానిక విద్యార్థులనైనా తీసుకుని, రాతపూర్వకమైన పని ప్రణాళికను, వారంవారం పర్యవేక్షణను, కనీసం దారి ఖర్చులను సమకూర్చాలి; ఖర్చు భరించలేని విద్యార్థి వెనుదిరిగితే తన బస్తీ పిల్లల మాట వినగల మనిషే అధ్యయనానికి దూరమవుతాడు. కళాశాలలు ఈ పనికి క్రెడిట్లు ఇచ్చి, ఒక అధ్యాపకునికి బాధ్యత అప్పగించాలి. తల్లిదండ్రులు తమ బిడ్డను ప్రశ్నించడమంటే పిచ్చి ముద్ర వేయడం కాదని గ్రహించి, అనుమానాలన్నీ అడిగి తీర్చుకున్న తర్వాతే సమ్మతించాలి. ఇష్టం లేకుంటే ఎప్పుడైనా తప్పుకునే హక్కు వారికీ బిడ్డకూ ఉంటుంది. విద్యార్థులు దీనిని సర్టిఫికెట్ కోసం చేసే పనిగా కాక, ఒక బిడ్డ నమ్మి చెప్పిన మాటను కాపాడే బాధ్యతగా స్వీకరించాలి. రాబోయే విద్యాసంవత్సరం మొదలుకాక ముందే సంస్థలు, కళాశాలలు కలిసి కూర్చుని ఈ ఏర్పాటుకు శ్రీకారం చుట్టాలని విజ్ఞప్తి.