కీలు మార్పించుటకు ముందు



మోకాటికీలు మార్పించుకొనుటకు దినము నిశ్చయమైనతోడనే ధనమును గుఱించియు వైద్యుని గుఱించియు విచారింతుము గాని, రోగి తిరిగివచ్చి యడుగిడవలసిన యింటిని దలపము. 2023వ సంవత్సరమున మా యత్తగారి కుడికాలి విషయమున మేమును నిట్లే చేసితిమి. శస్త్రచికిత్స యైన మఱునాడే యామెను నడిపించి, నాలుగవనా డింటికి బంపిరి. వాకరు అను నాలుగుకాళ్ళ చేతిచట్రము మా వీధిగడపకు దగిలి ముందునకు వంగెను. మా మఱది పట్టుకొనుటచే నామె పడలేదు. కాని యా భయముచే రెండు దినములు మంచము దిగలేదు. ఈ చికిత్సకు నడకయే సగము వైద్యము గదా!

మఱుసటి యేట రెండవకాలికి ముందుగనే మేల్కొంటిమి. పదునైదు దినములు ముందుగా నత్తగారినే వాకరుతో నిల్లంతయు నడువుమని, ఆమె యాగినచోటనెల్ల సుద్దముక్కతో గుఱుతు పెట్టితిమి. గుమ్మములలోని కాలిపట్టాలు, చాప యంచులు, నడవలోని నీళ్ళబిందెలు, పంకా తీగ. ఇవన్నియు నా పూటనే తీసివేసితిమి. గడప పసుపు రాసి పూజించునది, దానిని దీయింప మనసొప్పదు. ఇరువైపుల చెక్కతో వాలు వేయించి గఱుకుపట్టీ యతికించితిమి.

అన్నిటికంటె భయపడవలసినది స్నానపుగది. తువ్వాళ్ళు వేయు కడ్డీ మనిషి బరువున కాగదు. గోడలో ఉక్కుకడ్డీలను మేస్త్రీచే బిగింపవలెను. కొన్నాళ్ళు తలంటినూనె యచ్చట వాడకుండుట మేలు. గొంతుకూర్చుండు దొడ్డి పనికిరాదు. కమోడు లేనివారు, రాత్రులకై మంచముచెంతకు గావలసినవారును, కమోడుకుర్చీని దెచ్చుకొనవచ్చును. అట్టిది గదిలో నుండుట మా యత్తగారికి మిక్కిలి సిగ్గు. మొదటిమాఱు రాత్రి మమ్ములను లేపుటకు మొగమాటపడి, యామె సాయంకాలమునుండి నీరు త్రాగుట మానిరట! ఈ సంగతి మాకు చాలకాలమునకు గాని తెలియలేదు. ఈమాఱు ఏమి కావలెనని ముందే యడిగితిమి. అడ్డముగా నొక తెర చాలునన్నారు. పాతచీరతో తెర కట్టితిమి.

పీటపై భోజనమును, సోఫాలో గూలబడుటయు నుండరాదు. చేతులుగల గట్టికుర్చీ యుండవలెను. కూర్చున్నప్పుడు తొడమొదలు మోకాటికంటె పల్లమునకు బోరాదు. ఇందుకై దేవుని పీఠమును బల్లపై కెక్కింపవలసివచ్చెను. ఈ మాట యెత్తగా నత్తగారు బదులు పలుకలేదు. మఱునాటి యుదయమున స్నానముచేసి, విగ్రహముల నొక్కొక్కటిగా దామే మా చేతి కందించిరి. దీపము తాము నిలిచి వెలిగించుకొనున ట్లెత్తు చూచుకొమ్మని మాత్రము చెప్పిరి.

వంటయింట ఉప్పు, కాఫీపొడి, మందులు మొదలైనవి నడుమెత్తున నుంచితిమి. కందిపొడి ముందే కొట్టియుంచుట చెప్పనేల! మంచమునుండి దొడ్డివఱకు రాత్రిదీపము వెలుగవలెను. ఇంకొక్కటి: నొప్పి తగ్గునని ప్రేమతో మోకాటిక్రింద దిండు పెట్టెదము, అది కూడదు, కాలు వంగియే బిగిసిపోవును. మడమక్రింద బెట్టవచ్చును.

పిక్క వాచి నొప్పిపెట్టినను, ఊపిరి యాడకున్నను, జ్వరము వచ్చినను, గాయమునుండి చీము గారినను గృహవైద్యము చేయక తత్‌క్షణమే వైద్యశాలకు దెలుపవలెను. ఆ టెలిఫోను సంఖ్యను పెద్దయక్షరములతో వ్రాసి, రోగికి గనబడు గోడపై ముందే యంటింపుడు.